రెండో తరగతి: సొంతంగా రాసేటప్పుడు వాక్యం చివర చుక్క ఎలా అలవాటు చేయాలి?

బలపం:

రెండో తరగతి చెప్పేవాళ్ళు ఎవరైనా కాస్త సాయం చేయండి. చూచిరాత ఇస్తే పిల్లలు ఫుల్‌స్టాప్ ఒక్కటి కూడా వదలరు. అదే "మీ ఇంటి గురించి రాయండి" అంటే చుక్క అన్నదే ఉండదు, ఉన్నా ఉండకూడని చోట ఉంటుంది. మూడు నోటుబుక్కుల్లోవి ఇక్కడ దించుతున్నాను. అక్షరదోషాలు సరిచేశాను, చుక్కలు మాత్రం ముట్టుకోలేదు.

ఒకటి:
మా ఇంట్లో కుక్క ఉంది దాని పేరు టామి అది పాలు తాగి పడుకుంటుంది నాకు టామి అంటే ఇష్టం

రెండు:
నేను పొద్దున్నే. లేచి. పళ్ళు తోముకుని. బడికి వచ్చాను

మూడు:
అమ్మ నాకు కొత్త.
గౌను కొన్నది అది.
ఎర్ర రంగు గౌను.

"చదివేటప్పుడు ఎక్కడ ఆగుతారో అక్కడ పెట్టండి" అని చెబితే వచ్చింది రెండో రకం. "క్రియ తర్వాత పెట్టండి" అందామంటే క్రియ అంటే ఏమిటో వాళ్ళకు ఇంకా తెలియదు. ఏ వరసలో చెప్పాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఎలా దిద్దాలి? ఇంగ్లిష్‌లోనూ ఇదే గొడవ, కానీ ముందు తెలుగు సంగతి చూద్దాం.

సుద్దముక్క:

బలపం గారూ, మీరు పెట్టిన మూడూ మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేస్తే ఒకటి తగ్గి ఇంకోటి ముదురుతుంది.

ముందు మూడోది, ఎందుకంటే అది తేలిక. ఆ పాప వాక్యం చివర కాదు, వరస చివర చుక్క పెడుతోంది. అలా నేర్పింది మనమే. ఒకటో తరగతిలో పిల్లలు చూసే వాక్యాలన్నీ చిన్నవి, ఒక్కో వరసకు ఒక్కోటి. బోర్డు మీద మనం రాసేదీ అలాగే. చుక్క ఎప్పుడు చూసినా కుడి చివరే కనిపిస్తే, వరస అయిపోయిందనడానికి గుర్తు కాబోలు అనుకుంటారు. విరుగుడు ఇది: "అమ్మ నాకు కొత్త గౌను కొన్నది." అన్న వాక్యాన్ని బోర్డు మీద ఒకసారి పొడుగ్గా ఒకే వరసలో రాయండి. పక్కనే సన్నటి నిలువు పట్టీ గీసి అందులో వరసకు రెండు మాటల చొప్పున మళ్ళీ రాయండి. మూడోసారి బోర్డు మధ్యలో మొదలుపెట్టి కింది వరసలోకి తిప్పండి. వరసలు మారాయి గానీ చుక్క "కొన్నది"ని వదల్లేదని పిల్లలే చెబుతారు. రెండు రోజులు చాలు. ఆ తర్వాత మీరు కూడా బోర్డు మీద వాక్యానికో వరస రాయడం మానేయాలి, లేకపోతే మొదటికొస్తుంది.

రెండో రకానికి కారణం ఆ "ఆగిన చోట" సూత్రమే. కూడబలుక్కుని చదివే పిల్లలు మాట మాటకీ ఆగుతారు, కాబట్టి మాట మాటకీ చుక్క పెడతారు. వాళ్ళు మీరు చెప్పింది చెప్పినట్టే చేశారు. ఆగడం అనే కొలత ధారాళంగా చదివేవాళ్ళకే పనికొస్తుంది.

దాని బదులు పిల్లలకు ఇప్పటికే వచ్చిన విద్య ఒకటి ఉంది, ఊఁ కొట్టడం. కథ చెబుతుంటే ఎక్కడ ఊఁ అనాలో ఐదేళ్ళ పిల్లకైనా తెలుసు. మధ్యలో ఆపేస్తే ఊఁ అనదు, ఆఖరి మాటనే పట్టుకుని ఎదురు అడుగుతుంది. "కోతి చెట్టెక్కి..." అంటే "ఎక్కి?" అంటుంది. "కోతి చెట్టెక్కింది" అంటే "ఊఁ". "వాన పడుతుంటే" అంటే "పడుతుంటే?". "తమ్ముడు తినే" అంటే "తినే?". "మా తాతకు కోపం" అంటే "ఊఁ". ఊఁ వచ్చిన చోట చుక్క, ఎదురుప్రశ్న వచ్చిన చోట చుక్క లేదు. వ్యాకరణం పేరెత్తకుండానే సమాపక క్రియకూ ("ఎక్కింది"లా వాక్యాన్ని ముగించేది) అసమాపక క్రియకూ ("ఎక్కి"లా ముగించనిది) తేడా పట్టుబడుతుంది.

మొదటి 3 రోజులు పెన్సిల్ ముట్టుకోనివ్వకండి. రోజుకు 10 నిమిషాలు, మాటల గుంపులు 8, సగం పూర్తయినవి, సగం కానివి. ఇందులో రెండు చోట్ల దెబ్బతింటాం. మొదటిది మన గొంతు. వాక్యం అయిపోగానే గొంతు దానంతటదే కిందికి దిగుతుంది, పిల్లలు మాటను వదిలేసి ఆ రాగాన్ని పట్టేస్తారు. కాగితం మీద రాగం ఉండదు గదా. అందుకని రెండు రకాలనూ ఒకే గొంతుతో చదివి, రెండింటి తర్వాతా ఒకే అంత సేపు ఆగాలి. రెండోది కోరస్. నలుగురు గట్టిగా అంటే మిగతావాళ్ళు వాళ్ళ వెంట పోతారు. రెండో రోజు నుంచి కళ్ళు మూసుకోమని చెప్పి, పూర్తయితే పిడికిలి, కాకపోతే చాచిన అరచెయ్యి చూపించమనండి. ఎవరికి రాలేదో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది.

నాలుగో రోజు నుంచి చింతపిక్కలు. గచ్చు మీద సుద్దతో చుక్కల్లేని 3 వాక్యాలు వరసగా రాసి, ఇద్దరికి ఒక జట్టు చొప్పున 3 పిక్కలివ్వండి. వాక్యం ముగిసిన చోట పిక్క పెట్టాలి. తప్పయితే జరిపితే సరి, రబ్బరుతో పని లేదు. తప్పు పెట్టడానికి భయం లేకపోవడమే ఈ పిక్కల సుఖం. రెండు రోజుల తర్వాత 4 వాక్యాలకు 6 పిక్కలివ్వండి. లెక్క సరిగ్గా ఇచ్చినంత కాలం కొందరు వాక్యం చదవకుండా సమానంగా పంచేస్తుంటారు. రెండు మిగిలాయని ధైర్యంగా చెప్పగలిగితే చదివినట్టే.

వాక్యాల పొడవు ఎంత అంటే, పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ (ASER) సర్వేలో ఒకటో తరగతి స్థాయి పాఠానికి పెట్టుకున్న కొలత సరిపోతుంది: 4 వాక్యాలు, ఒక్కోటీ 6 మాటలు దాటకుండా.

అచ్చూహల్లూ:

సుద్దముక్క గారు చెప్పిన ఊఁ పద్ధతికి నా ఓటు. "క్రియ వస్తే చుక్క" అన్న సూత్రం మాత్రం ఎవరూ చెప్పొద్దు. పెద్ద తరగతుల్లో కూడా అది సగమే నిజం.

తెలుగులో క్రియ లేని వాక్యాలు బోలెడు. "దాని పేరు టామి." "మా ఊరు పెద్దది." "నాకు దోసె ఇష్టం." రెండో తరగతి పిల్లలు తమ గురించి రాసే వాటిలో పెద్ద వాటా ఇవే. క్రియ కోసం వెతికే పిల్లాడు "టామి" దగ్గర ఆగడు, "తాగి" దగ్గరికి పోయి ఆగుతాడు. పైగా పిల్లలు మాట్లాడినట్టే రాస్తారు. మాట్లాడేటప్పుడు క్రియ చివరే ఉండాలని లేదు. "మొన్న వచ్చాడు మా మామయ్య ఊరి నుంచి" అని రాసిన పిల్లాడు "వచ్చాడు" దగ్గర చుక్క పెడితే మామయ్య ఒంటరివాడైపోతాడు. చుక్క చోటు మారితే అర్థమే మారడం ఈ వరసలో చూపించండి: "రవి వచ్చాడు నిన్న సీత వెళ్ళింది". నిన్న వచ్చింది రవా, నిన్న వెళ్ళింది సీతా? ఇంగ్లిష్‌లో అయితే తర్వాతి వాక్యం పెద్దక్షరంతో మొదలవుతుంది కాబట్టి చుక్క మరిచినా పాఠకుడికి ఒక ఆనవాలు మిగులుతుంది. తెలుగులో పెద్దక్షరాలు లేవు. ఉన్నది ఆ ఒక్క చుక్కే.

ఇక అసలు చిక్కు "అని". "నేను రాను అని చెప్పాడు" అన్నదాంట్లో "రాను" దగ్గర ఊఁ వచ్చేస్తుంది. అందుకే ఊఁ తర్వాత ఇంకో చిన్న మెట్టు నేర్పాలి. చుక్క పెట్టే ముందు తర్వాతి మాట ఒక్కటి చదవాలి. అది అని, అంటే, కాబట్టి, గనక అయితే చుక్క ముందుకు జరగాలి. "వాన వచ్చింది కాబట్టి బడికి రాలేదు." దీనికి ఒక్కటే చుక్క. "వాన వచ్చింది. అందుకే బడికి రాలేదు." ఇక్కడ రెండు. "కాబట్టి" వెనకటి మాటకు అతుక్కుంటుంది, "అందుకే" కొత్త వాక్యం మొదలుపెడుతుంది. ఈ జంట ఒక్కటి బోర్డు మీద వారం రోజులు చెరపకుండా ఉంచినా లాభమే. కానీ ఇది నాలుగో వారం పని. మొదట్లో ఇచ్చే వాక్యాల్లో "అని" రాకుండా చూసుకోండి.

తెలంగాణ బడుల్లో చెప్పేవాళ్ళకు ఒక మాట. "నేను బడికి పోయిన" అని పిల్లలు రాస్తే అది పూర్తి వాక్యమే. కానీ అదే "పోయిన" "నేను పోయిన బడి పెద్దది"లో సగం మాటే. రూపం చూసి చెప్పలేం, వాక్యం మొత్తం విని ఊఁ అనాల్సిందే. చుక్క నేర్పే రోజుల్లో "పోయిన"ను "వెళ్ళాను"గా దిద్దే పని పెట్టుకోకండి. సొంత మాటలో వాక్యం ఎక్కడ ముగుస్తుందో చెవికి తెలుసు, అరువు మాటలో తెలియదు.

మీ మొదటి నమూనా చివర "ఇష్టం" తర్వాత చుక్క లేదు చూశారా? ఆ పిల్లాడు ఇంకెక్కడా పెట్టలేదు కాబట్టి అతని సంగతి చెప్పలేం గానీ, అన్ని చోట్లా పెట్టే పిల్లలు కూడా ఇష్టం, పుస్తకం, చేశాం, ఆడుకున్నం లాంటి మాటల దగ్గర వదిలేస్తారు. చివర సున్న ఉంది గదా! గుండ్రటిది ఒకటి ఉన్నాక ఇంకోటి ఎందుకు అనుకుంటారు. దీనికి తిరగేసిన తప్పూ ఉంది. చుక్కను చిన్న సున్నలా చుట్టేస్తారు, "ఉంది." కాస్తా "ఉందిం" అయి కూర్చుంటుంది. సున్నను పెన్సిల్ తిప్పి రాస్తాం, చుక్కను మొన ఆనించి ఎత్తేస్తాం. చేతి కదలికలోనే తేడా చూపించాలి. సున్నతో ముగిసే మాటలు ఆరేడు తీసుకుని, చివర చుక్కతో ఒక పేజీ రాయిస్తే కుదురుతుంది.

డబుల్‌రూల్:

పైవాళ్ళు చెవి సంగతి చెప్పారు, నేను నోటుబుక్కు సంగతి చెబుతాను.

చుక్క ఉండాల్సింది అసలు అక్షరం కూర్చునే గీత మీద. మాట చివర ఒత్తు ఉంటే పిల్లలు చుక్కను ఒత్తు పక్కన, గీత కిందికి దించేస్తారు. "ఆమె మా అమ్మ." "మాది కొత్తపల్లి." ఇలాంటివి రాయించి చూడండి, పట్టుబడుతుంది. మన ఊళ్ళ పేర్లు సగం "పల్లి"తోనే ముగుస్తాయి, "మాది ఫలానా పల్లి" అన్న వాక్యం ప్రతి పిల్లాడూ రాస్తాడు, అందుకని చెబుతున్నాను. చివరి అక్షరానికి చుక్క ఆనుకుని ఉండాలి, చుక్క తర్వాత వేలెడు ఎడం ఉండాలి. అసలు మాటకూ మాటకూ మధ్య ఎడమే ఇవ్వని పిల్లలుంటే ("నేనుబడికివచ్చాను") వాళ్ళకు చుక్క పాఠం వారం వాయిదా వేయండి. ఎడం రాకముందే చుక్క చెబితే చుక్కనే ఎడంగా వాడేస్తారు. మీ రెండో నమూనాలో ఆ వాసన కూడా ఉంది.

వరస చివర చోటు లేక చుక్క ఒక్కటే కింది వరస మొదట్లో పడుతుంది. చుక్కకు చోటు లేకపోతే ఆఖరి మాటను కూడా కిందికి దించాలని చెప్పండి.

డిక్టేషన్ చెప్పేటప్పుడు నోటితో "ఫుల్‌స్టాప్" అనకండి. అంటే పెడతారు, అనకపోతే పెట్టరు, నేర్చుకున్నది సున్న. ఆ మాటను కూడా అక్షరాల్లో రాసేసే పిల్లలుంటారు, వాళ్ళ తప్పేం లేదు. వాక్యం మొత్తం ఒకసారి చదవండి, ముక్కలుగా చెబుతూ రాయించండి, మళ్ళీ మొత్తం చదవండి. చుక్క వాళ్ళంతట వాళ్ళే పెట్టాలి. చూచిరాతలో పెట్టి సొంత రాతలో ఎందుకు పెట్టరన్న మీ అనుమానానికి జవాబు కూడా ఇలాంటిదే. చూచిరాతలో చుక్క వాళ్ళకు ఇంకో అక్షరం. కనిపించింది కాబట్టి దించారు. వాక్యం ముగిసిందని పెట్టలేదు. చుక్క కోసం చూచిరాత ఎన్ని పేజీలు రాయించినా దండగ.

సొంతంగా రాసేటప్పుడు రాస్తూ రాస్తూ చుక్క పెట్టమనకండి. గుణింతం గుర్తు తెచ్చుకోవాలి, ఒత్తు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి, చెప్పదలచింది మరిచిపోకూడదు, ఏడేళ్ళ పిల్లకు అప్పటికే చేతి నిండా పని. ముందు రాయనివ్వండి. తర్వాత పెన్సిల్ కింద పెట్టించి రంగు పెన్సిల్ ఇచ్చి, గొణుక్కుంటూ చదువుతూ, ఊఁ వచ్చిన చోట రంగు చుక్క పెట్టమనండి. ఆ తర్వాత నోటుబుక్కులు మార్పించి పక్కవాళ్ళ చేత రైలు చదువు చదివించండి. చుక్క ఉన్న చోటే రైలు ఆగాలి, లేకపోతే ఊపిరి బిగబట్టి పోతూనే ఉండాలి. మీ మొదటి నమూనాను ఒక్క ఊపిరిలో చదివినవాడి అవస్థ చూస్తే రాసినవాడే వెంటనే పెన్సిల్ తీస్తాడు.

దిద్దడం దగ్గరికొస్తే, ఎర్ర పెన్నుతో చుక్కలు మీరు పెట్టొద్దు. మీరు పెట్టిన చుక్క మీదే, పిల్లలది కాదు. మార్జిన్‌లో "ఇంకా 3" అని మాత్రం రాయండి. ఎక్కడో వాళ్ళు వెతుక్కుంటారు. వెతకలేని వాళ్ళకు ఏ వరసలో ఉందో అక్కడ చిన్న గీత పెట్టండి. అదే విడతలో అక్షరదోషాలు దిద్దితే పిల్లల కళ్ళు వాటి మీదికే పోతాయి, కాబట్టి చుక్కల రోజు చుక్కలే.

రోజుల లెక్క: నోటితో 3 రోజులు, పిక్కలు ఒక వారం, చుక్కల్లేని పేరా కాగితం మీద ఇచ్చి రంగు పెన్సిల్‌తో పెట్టించడం ఒక వారం, ఆ తర్వాత సొంత రాత. సొంత రాత మొదట 3 వాక్యాలే. 5 వాక్యాలు అడిగితే చుక్క మరుస్తారని కాదు, చివరి రెండూ లెక్క కోసం రాసేస్తారు.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పేరు ముందు ఇంటిపేరు అక్షరం పక్కన చుక్క ఎందుకని. "రూ." పక్కన కూడా ఉంటుంది. అడిగితే "అది పొడుగు మాటను కత్తిరించిన గుర్తు" అని చెప్పి ఊరుకోండి. అడగకపోతే మనం కదపక్కర్లేదు.

పెద్దబాలశిక్ష:

ఇంగ్లిష్ గురించి రెండు ముక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ద్విభాషా పుస్తకాలు వచ్చాయి గదా. లెక్కల పుస్తకం తెరిచి ఒకే మాటల లెక్కను రెండు భాషల్లోనూ చూపించి చుక్కలు లెక్కపెట్టించండి, చివర ప్రశ్నార్థకం ఉంటే దాన్ని విడిగా. చుక్క రెండింటికీ ఒకటే, పెద్దక్షరం ఇంగ్లిష్‌కే, అన్న తేడా 5 నిమిషాల్లో తేలిపోతుంది. హిందీ ఉన్న బడుల్లో మాత్రం జాగ్రత్త. అక్కడ వాక్యం చివర నిలువు గీత, అది తెలుగు నోటుబుక్కులోకి కూడా వచ్చి కూర్చుంటుంది. పాత తాళపత్రాల్లో మనవాళ్ళు గీసిందీ ఆ గీతే, చుక్క తర్వాత వచ్చిన అలవాటు, కాబట్టి పిల్లలను మరీ కసరకండి.

అమెరికాలో తెలుగు నేర్చుకునే పిల్లల్లో గొడవ తలకిందులుగా ఉంటుంది. చుక్క మరవరు. కానీ "నేను లేచాను. నేను పళ్ళు తోముకున్నాను. నేను పాలు తాగాను." అని ముక్కలు ముక్కలుగా రాస్తారు. వాళ్ళకు నేర్పాల్సింది చుక్క కాదు, "లేచి, తోముకుని".

బలపం:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. "నువ్వు వచ్చావా" అని రాసి చుక్క పెడితే తప్పు వేయాలా? ఇంకోటి, ఒక పిల్లాడి రాత ఇలా ఉంది: "నేను పొద్దున్నే లేచి పళ్ళు తోముకుని స్నానం చేసి అన్నం తిని సంచి తగిలించుకుని బడికి వచ్చాను." పేజీ మొత్తానికి చివర ఒక్కటే చుక్క. ఏమని దిద్దను?

సుద్దముక్క:

మొదటిదానికి: ఈ నెల తప్పు వేయకండి. వాక్యం ముగిసిందని గుర్తుపట్టాడు, అది చాలు. చుక్క కుదిరాక, చివర "ఆ" వినిపిస్తే (వచ్చావా, తిన్నాడా) లేదా లోపల ఎవరు, ఎక్కడ, ఏమిటి ఉంటే గుర్తు మారుతుందని చెబితే రెండు రోజుల పని.

రెండోదానికి: అది తప్పే కాదు, రైటు కొట్టండి. ఇన్ని "ఇ"లు గొలుసు కట్టినా తెలుగులో అది ఒక్క వాక్యమే, చుక్క ఉండాల్సిన చోటే ఉంది. మధ్యలో చుక్కలు పెట్టమంటే "లేచి." "చేసి." అని పెడతాడు, వచ్చింది కాస్తా పోతుంది. చుక్కలు కావాలంటే మాటలు మారాలి. "తోముకుని"ని "తోముకున్నాను" చేయమనండి, "తిని"ని "తిన్నాను" చేయమనండి. అప్పుడు ఇలా వస్తుంది: "నేను పొద్దున్నే లేచి పళ్ళు తోముకున్నాను. స్నానం చేసి అన్నం తిన్నాను. సంచి తగిలించుకుని బడికి వచ్చాను." ఎక్కడ తెంచాలో అతన్నే ఎంచుకోనివ్వండి. "స్నానం చేశాను" దగ్గర తెంచినా తప్పు లేదు. రెండు రాతలూ పక్కపక్కన అతని చేతే చదివించండి.